కాంచనపురి: రెండు నదులు, ఒక రైలుబాట

బ్యాంకాక్ నగరానికి పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పట్టణం పేరు వినగానే, దాని అర్థమేమిటని అడగవలసిన అవసరం తెలుగువారికి కలుగదు. అది కాంచనబురి. మన 'కాంచనపురి'యే థాయి నాలుకపై కొద్దిగా మెత్తబడి ఆ రూపం పొందినది. అదే పేరుగల జిల్లాకు ఈ పట్టణం ముఖ్యస్థానం. విస్తీర్ణంలో ఆ జిల్లా థాయిలాండ్ మొత్తంమీద మూడవది. 19,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది. 2022 పునర్విభజనకు ముందు మన అనంతపురం జిల్లా ఎంత ఉండేదో, ఇదీ దాదాపు అంతే. అయితే అక్కడి నేల తీరు వేరు. పడమట బర్మా సరిహద్దు పొడవునా సున్నపురాతి కొండలు, వాటి నడుమ దట్టమైన వెదురు అడవులు, ఆ అడవులను చీల్చుకొని వచ్చే రెండు నదులు.

ఆ నదులే ఈ జిల్లాకు ప్రాణం. ఒకటి ఖ్వే యై, మరొకటి ఖ్వే నోయ్. థాయి భాషలో 'ఖ్వే' అంటే ఉపనది. 'యై' అంటే పెద్దది, 'నోయ్' అంటే చిన్నది. ఈ పెద్దేరు, చిన్నేరు కాంచనబురి పట్టణం వద్ద కలసి మే క్లాంగ్ అనే నదిగా మారి సముద్రం వైపు సాగుతాయి. ప్రపంచానికి మాత్రం ఈ నది 'క్వాయ్' అనే పేరుతోనే తెలుసు. ఫ్రెంచి రచయిత పియర్ బూల్ 1952లో వెలువరించిన నవల, దాని ఆధారంగా డేవిడ్ లీన్ 1957లో తీసిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' అనే చిత్రం ఇందుకు కారణాలు. థాయి వారి చెవికి 'క్వాయ్' అన్న ఉచ్చారణ గేదెను గుర్తుకు తెస్తుంది. చిత్రంలో కనిపించే నది కూడ ఇక్కడిది కాదు. ఆ సన్నివేశాలను శ్రీలంకలోని కితుల్‌గల సమీపంలో చిత్రీకరించారు.

చిత్రం చూసి వంతెనను వెదుక్కుంటూ వచ్చిన విదేశీయులకు ఇంకొక చిక్కు ఎదురైనది. అసలు వంతెన 'క్వాయ్' నదిపై లేదు, మే క్లాంగ్ నదిపై ఉన్నది. యాత్రికులను నిరాశపరచడం ఇష్టంలేక 1960 ప్రాంతంలో అధికారులు సంగమానికి ఎగువన ఉన్న మే క్లాంగ్ భాగానికి ఖ్వే యై అని పేరు మార్చారు. ఒక కల్పిత కథ కోసం నిజమైన నది తన పేరు మార్చుకున్న సందర్భాలు ప్రపంచంలో ఎన్నో ఉండవు.

వంతెన వద్ద

నేడు కనిపించే ఉక్కు వంతెన 1943లో పూర్తి అయినది. దానికి కొద్దిగా ముందు, సమీపంలోనే, కొయ్యతో ఒక తాత్కాలిక వంతెనను కట్టారు. అది నేడు లేదు. ఉక్కు వంతెన భాగాలను జపాను సైన్యం తాను ఆక్రమించిన జావా ద్వీపం నుంచి తెప్పించినది. 1945లో మిత్రరాజ్యాల విమానాలు బాంబులు వేసి నడిమి భాగాన్ని కూల్చివేశాయి. పరిశీలనగా చూసినవారికి ఈ చరిత్ర వంతెన రూపంలోనే చదువుకోవచ్చు. విల్లులా వంగిన కమానులు పాతవి. మధ్యన నిటారు అంచులతో ఉన్న రెండు భాగాలు యుద్ధానంతరం జపాను నష్టపరిహారంగా ఇచ్చినవి. రైలు రాని వేళ జనం వంతెనపై నడుస్తారు. కూత వినబడగానే పక్కనున్న చిన్న వేదికలపైకి తప్పుకుంటారు. ఏటా నవంబరు నెలాఖరు ప్రాంతంలో ఇక్కడ దీపకాంతులతో, శబ్దాలతో బాంబుదాడిని ప్రదర్శించే ఉత్సవం జరుగుతుంది.

ఉత్సవం కన్నులపండువుగానే ఉంటుంది. కాని ఈ వంతెన 415 కిలోమీటర్ల రైలుమార్గంలో ఒక చిన్న భాగం మాత్రమే. ఆ మార్గం కథ తెలియకుండా కాంచనబురిని చూడడం, గర్భగుడిలోకి పోకుండా గోపురాన్ని చూసి తిరిగి రావడం వంటిది.

1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించిన తరువాత, అక్కడి దళాలకు సముద్రమార్గాన సరుకులు పంపడం ప్రమాదకరమైనది. థాయిలాండ్‌లోని నాంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలోని థాన్‌బ్యుజాయత్ వరకు కొండలు, అడవుల మీదుగా రైలుబాట వేయాలని నిర్ణయించారు. సంవత్సరంపైగా పని సాగినది. 1943 అక్టోబరు 17న రెండు వైపుల పట్టాలు కలిశాయి. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్, అమెరికన్ యుద్ధఖైదీలు అరవై వేలకు పైగా ఈ పనిలో ఉన్నారు. వారిలో సుమారు 12,000 మంది ఆకలితో, మలేరియాతో, విరేచనాలతో, కలరాతో, దెబ్బలతో మరణించారు.

పట్టణం నడిబొడ్డున, రైల్వేస్టేషనుకు సమీపంలో ఉన్న యుద్ధ శ్మశానవాటికలో వీరిలో దాదాపు 7,000 మంది విశ్రమిస్తున్నారు. పచ్చిక కత్తిరించినట్లు సమంగా ఉంటుంది. ప్రతి సమాధిపైనా ఒక ఫలకం, దానిపై పేరు, దళం, వయస్సు, చాలా చోట్ల తల్లిదండ్రులో భార్యో వ్రాయించిన ఒక వాక్యం. ఇరవైరెండు, ఇరవైనాలుగు, పందొమ్మిది అన్న వయస్సులు చదువుతూ నడిచేవారి అడుగులు వాటంతట అవే నెమ్మదిస్తాయి. ప్రవేశద్వారం వద్ద ఉన్న స్మారకంపై అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు కూడ ఉన్నాయి. వారిని థాయిలాండ్‌లోని ముస్లిం శ్మశానాలలో ఖననం చేశారు. ఆ సమాధులను కాపాడడం సాధ్యం కాకపోవడంతో పేర్లను ఇక్కడికి చేర్చారు. నది ఆవలి ఒడ్డున చుంగ్‌కై అనేచోట మరొక శ్మశానవాటిక ఉన్నది. అక్కడ సుమారు 1,700 సమాధులు. యాత్రికుల సందడి తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ.

పేర్లు లేనివారు

ఈ వరుసల నడుమ నిలిచినప్పుడు భారతీయ యాత్రికునికి ఒక ప్రశ్న కలుగక మానదు. ఈ రైలుబాటపై పనిచేసినవారిలో అత్యధికులు పాశ్చాత్య సైనికులు కారు. బర్మా, మలయా, జావా దేశాలనుంచి తెచ్చిన ఆసియా కూలీలు సుమారు రెండు లక్షలమంది. వారిలో మరణించినవారు 70,000 మొదలు లక్ష వరకు ఉండవచ్చునని అంచనాలు. మరి వారి సమాధులు ఎక్కడ?

మలయా నుంచి వచ్చిన కూలీలలో పెద్ద భాగం రబ్బరు తోటల భారతీయులు. తమిళులు అత్యధికులు, వారితోపాటు తెలుగువారు, మలయాళీలు ఉన్నారు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో మన ఉత్తర కోస్తా జిల్లాలనుంచి, చిత్తూరు వైపునుంచి కంగాణీల వెంట ఓడలెక్కిన కుటుంబాలు మలయాలోని రబ్బరు, కొబ్బరి తోటలలో స్థిరపడినాయి. 1942లో జపాను ఆక్రమణతో రబ్బరు ఎగుమతి నిలిచిపోయినది. తోటలలో పని లేదు, బియ్యం లేదు. ఆ సమయంలో సయాములో కొన్ని నెలల పని, రోజుకు డాలరు కూలి, ఉచిత భోజనం అని చెప్పి మొదట కొందరిని రప్పించారు. వెళ్లినవారు తిరిగి రాకపోయేసరికి, మిగిలినవారు కదలలేదు. తరువాత బలవంతం మొదలైనది. తోటల మేనేజర్లు ఇంతమందిని పంపాలని ఆజ్ఞలు అందుకున్నారు. జనాన్ని చుట్టుముట్టి రైలు పెట్టెలలో ఎక్కించిన సందర్భాలూ ఉన్నాయి. కొందరు భార్యాబిడ్డలతో సహా వచ్చారు.

యుద్ధఖైదీల శిబిరాలలో పరిస్థితి ఘోరమే. అయినా వారికి సైనిక క్రమశిక్షణ ఉన్నది, పై అధికారులున్నారు, వైద్యులున్నారు. మరుగు కాచిన నీరే త్రాగాలని, మలవిసర్జనకు గోతులు తవ్వాలని చెప్పేవారున్నారు. అన్నిటికీ మించి, ఎవరు ఏనాడు మరణించారో రహస్యంగానైనా వ్రాసిపెట్టినవారున్నారు. యుద్ధం ముగియగానే, 1945 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఒక చిన్న బృందం మార్గం పొడవునా తిరిగి, ఆ వ్రాతల సాయంతో వంద పైచిలుకు శ్మశానాలలో పదివేలకు పైగా సమాధులను గుర్తించినది. తోట కూలీకి ఇవేవీ లేవు. అతని పేరు వ్రాసుకున్న చిట్టా లేదు. 1943 వర్షాకాలంలో కలరా వ్యాపించినప్పుడు కూలీ శిబిరాలలో మరణాలు లెక్కకు అందలేదు. శవాలను సామూహికంగా పూడ్చారు, కాల్చారు. అడవి వాటిని కప్పివేసినది. 1990లో పట్టణ సమీపంలోని పొలంలో తవ్వగా వందలాది అస్థిపంజరాలు ఒకేచోట బయటపడినాయి. వారెవరో పేరు పేరునా చెప్పగలవారు లేరు.

యుద్ధ శ్మశానవాటికకు దగ్గరలోనే వాట్ థావొర్న్ వరారామ్ అనే మందిరమున్నది. వియత్నామీయ సంప్రదాయానికి చెందిన ఈ బౌద్ధాలయ ఆవరణలో ఆసియా కూలీల అస్థికలపై నిర్మించిన ఒక స్మారక స్తూపం ఉన్నది. శ్మశానవాటికను చూసిన యాత్రికులలో చాలమంది దీనిని చూడకనే వెళ్లిపోతారు. 2023లో తమిళ సంఘాల చొరవతో ఇదే ఆవరణలో ఒక 'నడుకల్', అనగా మనవారు వీరగల్లు అని పిలిచే స్మారకశిల, ప్రతిష్ఠితమైనది. యుద్ధంలో పడిన వీరునికి ఊరి పొలిమేరలో రాయి నిలపడం తమిళ దేశంలోనూ, మన రాయలసీమలోనూ ఎంతో పాత ఆచారం. ఎనభై ఏళ్లు ఆలస్యంగానైనా ఆ రాయి పడవలసిన చోటనే పడినది. ఆ మట్టిలో ఎందరు తెలుగువారున్నారో లెక్క లేదు. కాని ఉన్నారన్నది నిజం.

రైలు ప్రయాణం

415 కిలోమీటర్ల మార్గంలో నేడు రైలు నడిచేది నామ్ తోక్ అనే స్టేషను వరకే. అంటే మొదటి 130 కిలోమీటర్లు. మిగిలిన పట్టాలను యుద్ధానంతరం తొలగించారు. బ్యాంకాక్‌లోని థొన్‌బురి స్టేషను నుంచి బయలుదేరే సామాన్యపు బండిలో, తెరిచిన కిటికీల పక్కన కూర్చొని చెరకుతోటలను, కర్రపెండలం పొలాలను చూస్తూ పోవచ్చు. థామ్ క్రసే వద్ద బండి నడక మందగిస్తుంది. ఒక వైపు కొండచరియ చేతికి తగిలేంత దగ్గర. మరొక వైపు క్రింద ఖ్వే నోయ్ నది. పట్టాలను మోస్తున్నది కొండ అంచున నిలిపిన కొయ్యస్తంభాల వంతెన. స్తంభాలు కిరకిరలాడుతుంటే యాత్రికులు ఫొటోలు తీసుకుంటారు.

నామ్ తోక్ దాటి రోడ్డుమార్గాన కొంతదూరం పోతే 'హెల్‌ఫైర్ పాస్', అనగా నరకాగ్ని కనుమ, కనిపిస్తుంది. పట్టాల కోసం కొండను నిలువుగా కోసిన చోటు ఇది. సుత్తులతో, ఉలులతో రంధ్రాలు పొడిచి, మందుగుండు పేల్చి, పగిలిన రాళ్లను చేతులతో మోసి ఈ పని చేశారు. గడువు సమీపించడంతో రాత్రింబవళ్లు పని సాగినది. చీకట్లో దివిటీలు, వెదురు మంటల వెలుగులో బక్కచిక్కిన మనుషుల నీడలు రాతిగోడలపై ఆడుతుంటే చూసినవారికి నరకమే గుర్తుకు వచ్చినదట. పేరు అలా స్థిరపడినది. 1980లలో ఒక ఆస్ట్రేలియన్ మాజీ యుద్ధఖైదీ పట్టుదలతో ఈ స్థలాన్ని అడవినుంచి వెలికితీశారు. 1998లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇక్కడ మ్యూజియం నెలకొల్పినది. కనుమ అడుగున నడుస్తూ గోడలను చూస్తే ఉలి రంధ్రాల గుర్తులు ఇంకా కనిపిస్తాయి.

రైలుబాట క్రింద చరిత్ర

ఈ విషాద మార్గమే ఒక విచిత్ర ఆవిష్కరణకు కూడ కారణమైనది. డచ్ పురావస్తు శాస్త్రజ్ఞుడు వాన్ హీకెరెన్ యుద్ధఖైదీగా ఇక్కడ పనిచేస్తూ, 1943లో బాన్ కావో గ్రామ సమీపంలో త్రవ్విన మట్టిలో నునుపుగా చెక్కిన రాతి పనిముట్లను గుర్తించాడు. ఆకలితో, అలసటతో ఉన్న మనిషి వాటిని జాగ్రత్తగా దాచుకున్నాడు. యుద్ధం ముగిసిన తరువాత తిరిగి వచ్చాడు. దాని ఫలితంగా 1960-62 సంవత్సరాలలో థాయి, డేనిష్ నిపుణులు జరిపిన తవ్వకాలలో సుమారు నాలుగువేల ఏళ్లనాటి నవీన శిలాయుగ సమాధులు, మూడు కాళ్ల కుండలు బయటపడినాయి. బాన్ కావోలో ఇప్పుడు వాటికొక మ్యూజియం ఉన్నది.

అక్కడికి దగ్గరలో, ఖ్వే నోయ్ ఒడ్డున, ప్రాసాత్ మువాంగ్ సింగ్ ఉన్నది. 'సింహపురి' అన్న మాట. ఎర్రని లాటరైట్ రాతితో కట్టిన ఈ ఆలయం ఖ్మేరుల బయోన్ శైలికి చెందినది. అంగ్‌కోర్ చక్రవర్తి ఏడవ జయవర్మ తన సామ్రాజ్యంలోని నగరాలకు 'జయబుద్ధమహానాథ' విగ్రహాలను పంపినట్లు అంగ్‌కోర్‌లోని ఒక శాసనం చెబుతున్నది. ఆ జాబితాలోని 'శ్రీజయసింహపురి' ఇదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడ లభించిన అవలోకితేశ్వర విగ్రహం శరీరమంతటా చిన్న చిన్న బుద్ధమూర్తులు చెక్కబడి ఉన్నాయి. నది ఒడ్డున తవ్విన చోట, అంతకు వేయి సంవత్సరాలకు పైగా ముందటి మనుషుల అస్థిపంజరాలను, వారి పూసలతో, కుండలతో సహా, దొరికినచోటనే ప్రదర్శిస్తున్నారు. 1987లో ఇది చారిత్రక ఉద్యానంగా ప్రారంభమైనది.

జిల్లా తూర్పున మే క్లాంగ్ ఒడ్డునున్న పాంగ్ తుక్ గ్రామంలో 1927లో ఒక కంచు దీపం దొరికినది. అది మధ్యధరా ప్రాంతంలో పోతపోసిన రోమక సంప్రదాయపు దీపం. అక్కడే లభించిన చిన్న కంచు బుద్ధప్రతిమను ఫ్రెంచి పండితుడు జార్జ్ సెదెస్ మొదట మన అమరావతి శిల్పశైలికి చెందినదిగా భావించాడు. తరువాతి పండితులు దానిని అంతకంటె కొన్ని శతాబ్దాల ఇటీవలిదిగా నిర్ణయించారు. శైలి సంగతి ఎట్లున్నా, తూర్పు తీరపు ఓడరేవులకు, ఈ లోయకు నడుమ వర్తకుల, భిక్షువుల రాకపోకలు ఎంత ప్రాచీనమో ఈ చిన్న వస్తువులు తెలుపుతున్నాయి.

ఐరావతం జలధారలు

ఇంత చరిత్ర తరువాత మనస్సుకు కొంత చల్లదనం కావాలంటే పట్టణానికి సుమారు 65 కిలోమీటర్ల దూరానగల ఎరావన్ జాతీయోద్యానానికి పోవాలి. ఎరావన్ అంటే ఐరావతమే. ఏడు అంతస్తులుగా దిగివచ్చే జలపాతం పై అంతస్తులోని శిల, థాయి శిల్పులు చెక్కే మూడు తలల ఐరావతాన్ని పోలి ఉండడంచేత ఈ పేరు. నీటిలో కరిగిన సున్నం రాళ్లపై పేరుకొని గిన్నెల వంటి మడుగులను కట్టినది. వాటిలో నీరు లేత పచ్చలవన్నెతో మెరుస్తుంది. మడుగులో కాళ్లు పెట్టి కూర్చుంటే చేపలు వచ్చి పాదాలను మెల్లగా కొరుకుతాయి. పై అంతస్తులకు దారి కష్టతరం. గట్టి చెప్పులు, ఓపిక అవసరం. వర్షాకాలం చివర నీరు సమృద్ధిగా ఉంటుంది. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు వాతావరణం ప్రయాణానికి అనుకూలం.

ఖ్వే నోయ్ లోయలోని సాయ్ యోక్ గుహలలో మరొక అద్భుతమున్నది, కాని అది కంటికి సులభంగా చిక్కదు. 1970లలో థాయి జంతుశాస్త్రజ్ఞుడు కిత్తి థాంగ్‌లాంగ్యా ఇక్కడ ఒక చిన్న గబ్బిలాన్ని కనుగొన్నాడు. దాని బరువు రెండు గ్రాములు. పొడవు మూడు సెంటీమీటర్లు. ప్రపంచంలో ఇంతకంటె చిన్న గబ్బిలం లేదు. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టకముందే, 1974లో కిత్తి మరణించాడు. ఆ జీవికి ఆయన పేరే పెట్టారు.

ఈ జిల్లా ఉత్తర భాగంలోని థుంగ్ యై అడవికి థాయి రాజకీయ చరిత్రలో ఒక స్థానమున్నది. 1973లో ఒక సైనిక హెలికాప్టరు కూలిపోగా, పెద్ద హోదాలలో ఉన్నవారు అభయారణ్యంలో జంతువులను వేటాడిన సంగతి బయటపడినది. విద్యార్థుల ఆగ్రహానికి అది ఒక కారణమై, అదే సంవత్సరం అక్టోబరులో సైనిక ప్రభుత్వం పతనమయింది. ఇదే అడవిని ముంచివేయగల నామ్ చోన్ ఆనకట్ట ప్రతిపాదనను ప్రజల వ్యతిరేకత కారణంగా 1988లో విరమించారు. 1991లో యునెస్కో ఈ అరణ్యాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

సరిహద్దు చివర

అన్ని ఆనకట్టలూ ఆగలేదు. ఖ్వే నోయ్ ఎగువన కట్టిన ఆనకట్టవలన 1984లో పాత సంఖ్లాబురి ఊరు నీట మునిగినది. వేసవిలో నీరు తగ్గినప్పుడు పాత ఆలయపు గోడలు బయటపడతాయి. పడవలో వెళ్లి వాటి నడుమ నడవవచ్చు. బర్మానుంచి వలస వచ్చిన మోన్ జాతివారు ఇక్కడ ఎక్కువ. బర్మీయులు మోన్‌లను 'తలైంగ్' అని పిలిచేవారు. ఆ మాటకు 'తెలింగాణ' మూలమని కొందరు పండితులు ఊహించారు, మరికొందరు అంగీకరించలేదు. మోన్‌లకు ఆ పిలుపు ఇష్టం లేదు గనుక అక్కడ దానిని ఉచ్చరించకపోవడం మర్యాద.

మోన్ ప్రజలకు పెద్దదిక్కైన భిక్షువు లువాంగ్ ఫో ఉత్తమ (1910-2006). ఆయన ఆధ్వర్యంలో బుద్ధగయలోని మహాబోధి ఆలయం నమూనాలో ఇక్కడొక చైత్యం లేచినది; గ్రామస్థుల శ్రమతో సుమారు 850 మీటర్ల కొయ్యవంతెన వెలసినది. 2013 వరదలలో దాని మధ్యభాగం కొట్టుకుపోగా, మరుసటి సంవత్సరం తిరిగి నిర్మించారు. ఉదయాన భిక్షువులు పాత్రలతో వరుసగా రాగా, స్త్రీలు అన్నం సమర్పించే దృశ్యం యాత్రికులకు చిరకాలం గుర్తుంటుంది. ఇంకా పైకి పోతే సరిహద్దున మూడు చిన్న తెల్లని స్తూపాలు. ఈ కనుమ గుండానే శతాబ్దాలపాటు బర్మా సేనలు సయాముపైకి వచ్చాయి; ఈ కనుమ గుండానే 1943లో ఆ రైలుబాట పోయినది.

కాంచనబురిలో రెండు వంతెనలు చూడదగినవి. ఒకటి నిర్బంధంతో కట్టించినది. మరొకటి భక్తితో కట్టుకున్నది. మొదటి దానిని చూడడానికి లోకమంతా వస్తుంది. చూసినవారు తిరుగు బండి ఎక్కేముందు, స్టేషనుకు సమీపంలోని ఆ మందిరానికి వెళ్లి, పేర్లు లేని ఆ స్తూపం ముందు కాసేపు నిలబడితే యాత్ర పూర్తి అవుతుంది. అక్కడ చదవడానికి పేర్ల పట్టిక లేదు. వచ్చినవారు ఏ భాషలో నమస్కరించినా, దానిని అందుకోవలసినవారు ఆ మట్టిలో ఉన్నారు.